నూటికి పన్నెండు

ఆగస్టు 3, సోమవారం

గేటు దగ్గర బావ చేత బూట్లు విప్పించారు.

మేజోళ్ళు కూడా. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళ, మూడొందల మంది చూస్తుండగా, ఎండలో నిలబెట్టి. మూడు గిన్నెల క్యారియరు విప్పించి, మిగిలిన అన్నంలో గేటాయన పుల్ల పెట్టి కెలికాడు. బంగారం దొరుకుతుందట, మా అక్క వండిన అన్నంలో! నేను లాబ్ కిటికీలోంచి చూసి పరుగెత్తుకెళ్ళేసరికి బావ ఒంటికాలి మీద నిలబడి మేజోడు తొడుక్కుంటున్నాడు. పడిపోకుండా గోడ పట్టుకోబోతే, "గోడ ముట్టుకోకండి" అన్నాడు గేటాయన. గోడని కూడా ఎత్తుకుపోతాడనా?

"ఏంటయ్యా ఇది? ఈయనెవరో తెలియదా నీకు?" అని అరిచాను.

"తెలుసమ్మా. పైనుంచి ఆర్డరు" అన్నాడు, నా మొహం చూడకుండా.

ముప్పై రెండేళ్ళుగా ఈ గనిలో బంగారం గది చూసుకుంటున్న మనిషి బావ. మిల్లు నుంచి వచ్చిన బంగారాన్ని కరిగించి దిమ్మెలు పోసేది ఆయనే. ఒంటిమీద ఉంగరం కూడా పెట్టుకోడు, అనుమానం రాకూడదని. అలాంటి మనిషి చేతికి సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. "ఏప్రిల్ నుంచి లాబ్ లెక్కకూ దిమ్మెల బరువుకూ తేడా వస్తున్నందున" అని ఉంది అందులో. రాతిలో ఎంత బంగారముందో లాబ్ చెబుతుంది. లాబ్ చెప్పినంత గదిలో తేలడం లేదట. నాలుగు నెలల నుంచి.

లాబ్ అంటే నేను.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అక్కకి పెళ్ళయి రెండు నెలలు. కొత్త పెళ్ళికొడుకు, వెంట వచ్చిన మరదలిని చూసి మొహం చిట్లించకుండా స్కూల్లో వేశాడు. ఇరవయ్యో ఏట ఇదే గేటులోంచి నన్ను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్ళి లాబ్‌లో చేర్పించాడు. ఇవాళ అదే గేటు బయట బూట్ల లేసులు కట్టుకుని, నన్ను చూసి, "నువ్వు లోపలికి పోవే, కొలిమి మీద ఏదో పెట్టి వచ్చుంటావు" అన్నాడు.

నిజమే, పెట్టే వచ్చాను. మాడిపోయింది.

ఆగస్టు 4, మంగళవారం

క్యాంటీన్‌లో స్టోరు గుమస్తా నాకు వినపడేలాగే అన్నాడు: "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు." నా టీ గ్లాసు తీసుకెళ్ళి అతని ముందు పెట్టి, "ఇదీ లెక్క రాసుకో, రేపు పోయిందంటావు" అని వచ్చేశాను. టీ తాగనే లేదు. ఆ టీ ఇంకా మనసులో పీకుతోంది.

ఆగస్టు 6, గురువారం

మేనేజరు పిలిచాడు. వచ్చి ఆరు నెలలైంది. మేమంతా వెనకాల ఇస్త్రీ అంటాం, కూర్చున్నా లేచినా చొక్కా నలగదు.

బల్ల మీద నాలుగు నెలల లాబ్ లెక్కలు పరిచి పెట్టుకున్నాడు. "మేడమ్, ఈ ఏటీ అంటే ఏంటి? అన్ని చోట్లా గ్రాముల్లో తూస్తున్నారు కదా?" అన్నాడు.

నా బిళ్ళ జోలికొస్తే నేను ఊరుకోను. కూర్చోమనకపోయినా కూర్చుని చెప్పాను. "ఏటీ అంటే అస్సే టన్ను, పరీక్ష టన్నన్నమాట. ఒక టన్నులో ఎన్ని బంగారం తూచే ఔన్సులుంటాయో, సరిగ్గా అన్ని మిల్లీగ్రాముల బరువుండేలా చేసిన ఇత్తడి బిళ్ళ సార్ అది. దానికి సమానంగా రాతిపొడి తూస్తాం. కొలిమిలో కరిగిస్తాం. చివరికి ఆవగింజంత బంగారం మిగులుతుంది. అది ఎన్ని మిల్లీగ్రాములుంటే, టన్ను రాతిలో అన్ని ఔన్సుల బంగారమున్నట్టు. గుణించక్కర్లేదు, భాగించక్కర్లేదు. తప్పు చెయ్యాలన్నా కుదరదు."

"టన్నంటే వెయ్యి కిలోలు కదా?"

"అది మీ టన్ను. మాది తొమ్మిదొందల ఏడు కిలోల పొట్టి టన్ను. వెయ్యిన్ని పదహారు కిలోలది పొడుగు టన్ను. ఇంటిపేరు ఒకటే, అన్నదమ్ములు ముగ్గురు. ఈ గని పెట్టినవాళ్ళు పొట్టివాణ్ణి పెంచుకున్నారు. మీ కాగితాల కోసం పైన కంప్యూటర్లో దాన్ని వెయ్యి కిలోల టన్నుకి మారుస్తారు."

నవ్వాడు. "అయితే మీ లెక్క తప్పే అవకాశం లేదు."

"లేదు" అన్నాను.

"మీ మీద నాకు పూర్తి నమ్మకముంది మేడమ్. ఆ మాటే రాసి ఒక సంతకం పెట్టండి."

ఎంత తియ్యగా అడిగాడు! నా నోటితోనే నా బావ మెడకి తాడు పేనించుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టాను. పెట్టక ఏం చెయ్యను? తప్పు లేకుండానే నా లెక్క తప్పని రాసివ్వాలా?

ఆగస్టు 7, శుక్రవారం

లెక్క లెక్కే. బావ బావే. రెండూ నిజమే. మధ్యలో ఎవడో వెధవ ఉన్నాడు.

ఆగస్టు 9, ఆదివారం

అక్కతో గొడవ.

అక్కావాళ్ళకీ నాకూ ఒకే కప్పు, మధ్యలో ఇటుక గోడ. ఆదివారం అటే తింటాను. కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా అంది: "ఒసే, నీ తూకంలో ఏమైనా తేడా వచ్చిందేమో ఒక్కసారి చూడవే."

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇరవై నాలుగేళ్ళుగా తూస్తున్నానే నేను! నీకు ఉప్పు ఎంత వెయ్యాలో చెయ్యి ఎలా చెబుతుందో, నాకు రాతిపొడి అలా చెబుతుంది. ఎవరైనా అంటే అనుకోవచ్చు, నువ్వంటావా?"

"తప్పని అనలేదే. చూడమన్నాను."

"చూడమంటే అదే కదా! నీ మొగుణ్ణి కాపాడుకోవడానికి నన్ను బలిస్తావా?"

ఆ మాట అన్నాక కత్తిపీట పక్కకి నెట్టేసింది. అక్క పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. వేసినా బాగుండేది. బావ అన్నీ విని, వరండాలో పేపరు అటు తిప్పి ఇటు తిప్పి చదువుతున్నాడు. ఆ మనిషికి నోట్లో నాలుకన్నది లేదు. భార్య మాట్లాడినా, మరదలు మాట్లాడినా, గేటాయన బూట్లు విప్పమన్నా ఒకటే మొహం.

తినకుండా వచ్చేశాను.

ఆగస్టు 10, సోమవారం

అక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గోడకి అవతల గిన్నెలు గట్టిగా పెడుతోంది, కావాలనే.

ఆగస్టు 12, బుధవారం

మిల్లు దగ్గరికి వెళ్ళి అందర్నీ కడిగేశాను. బెల్టు మీద రాయి తూచే యంత్రం సరి చూసి ఎన్నాళ్ళయిందని అడిగితే, పోయిన వారమే చూశామని కాగితం చూపించారు. వదిలేసే బురదలో బంగారం పోతోందేమో అన్నాను. "ఆ బురద నమూనాలు తూసేది మీరే కదక్కా" అన్నాడు ఫోర్‌మన్. నిజమే, నేనే తూస్తాను. బురదలో ఏమీ పోవడం లేదు.

ఈ గనిలో పనిచేసేవాడు ఒక్కడూ లేడు, నేను తప్ప. స్టోరు గుమస్తా సంగతే తీసుకో. మార్చి చివర్లో ఆమ్లం ఒలికి నా బిళ్ళ పచ్చబడి పాడైంది. కొత్తది కావాలని రాసిస్తే, "ఏటీ అంటే ఏ కంపెనీ అమ్మా?" అన్నాడు మహానుభావుడు. ఇవాళ్టికీ తెప్పించలేదు. నేను కాబట్టి పని ఆపకుండా, నాకు పని నేర్పిన పెద్దాయన పాత చెక్కపెట్టె వెతికి, అందులో చేతికందిన బిళ్ళ తీసి తుడిచి వాడుతున్నాను. పాత రోజుల్లో చేసింది కదా, మొదట్లో చేతికి కాస్త బరువనిపించింది. అలవాటైపోయింది.

నెలనెలా బిళ్ళని సరి చూసి రిజిస్టరులో సంతకం పెట్టేది కూడా నేనే. "సరి చూశాను." ఏప్రిల్, మే, జూన్, జూలై. అన్నీ ఉన్నాయి. ఈ గనిలో ఖాళీల్లేని రిజిస్టరు నాదొక్కటే.

ఆగస్టు 14, శుక్రవారం

నాలుగు నెలల అంకెలు ఇంటికి తెచ్చుకుని కూర్చున్నాను. ఏప్రిల్: దిమ్మెల్లో నూరు వస్తే నా కాగితం మీద నూటపన్నెండు. మే: నూటపన్నెండు. జూన్: నూటపదకొండున్నర. జూలై: మళ్ళీ నూటపన్నెండు.

దొరికింది! కాగితం పట్టుకుని అవతలికి పరుగెత్తాను. అక్క నన్ను చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ కుళాయికి వాషరు వేస్తున్నాడు.

"బావా, దొంగ ఎలా దొంగిలిస్తాడు? చేతికందినంత. ఒక నెల పిడికెడు, ఒక నెల చిటికెడు. ఇక్కడ చూడు, రాయి ఎక్కువొచ్చిన నెలలోనూ నూటికి పన్నెండే, తక్కువొచ్చిన నెలలోనూ నూటికి పన్నెండే. ఏ దొంగైనా త్రాసు ముందు పెట్టుకుని నూటికింతని కోసుకుంటాడా? ఇది దొంగతనం కాదు. ఎక్కడో లెక్క తప్పింది!"

బావ రెంచి కింద పెట్టాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఎక్కడ తప్పిందంటావ్?"

"ఇంకెక్కడ? పైన కంప్యూటర్లో. పొట్టి టన్నుని వాళ్ళ టన్నుకి మార్చేచోట."

"ఊఁ" అన్నాడు. మళ్ళీ రెంచి తీసుకున్నాడు.

ఊఁ ఏంటి? మనిషి పరువు బురదలో పడి ఉంటే తీసి ఇస్తున్నాను, దానికి ఊఁ! కోపమొచ్చి అరిచాను. "అంత మెత్తగా ఉంటే ఎలా బావా? మొత్తేవాళ్ళకి మెత్తనివాడు కనపడితే ఇంకా మొత్తుతారు. ఒక్కసారి గట్టిగా నేను తియ్యలేదని అరిచి చెప్పు!"

"అడిగినప్పుడు చెప్పాను. తియ్యలేదని."

"ఒకసారి చెబితే సరిపోతుందా?"

"నిజమైతే సరిపోవాలి కదే" అన్నాడు. కుళాయి తిప్పి చూశాడు. చుక్క కారలేదు.

ఆగస్టు 17, సోమవారం

ఇస్త్రీకి నూటికి పన్నెండు సంగతి చెప్పాను. "తెలివైన దొంగన్నమాట" అన్నాడు. ఏడ్చినట్టుంది వీళ్ళ తెలివి. ఇరవై ఎనిమిదో తారీకు విచారణట. ఆ లోపల తప్పు ఒప్పుకుని రాజీనామా ఇస్తే పోలీసుల దాకా వెళ్ళరట, అది వాళ్ళ దయట.

అక్కణ్ణుంచి కంప్యూటర్ గదికి వెళ్ళాను. అక్కడున్నాయన వచ్చే ఏడు రిటైరవుతాడు. నిదానస్తుడు. నేను అరుస్తున్నా ఒక్క మాట అనకుండా లెక్క తెరిచి చూపించాడు. పొట్టి టన్నుకి ఒక ఔన్సు అంటే, వెయ్యి కిలోల టన్నుకి 34.2857 గ్రాములు. అక్కడ అదే ఉంది. నాలుగో దశాంశం దాకా సరిగ్గా ఉంది. దరిద్రం.

"పొడుగు టన్ను అయితే 30.6122తో గుణించాలి మేడమ్" అన్నాడు. "మీది పొట్టిదే కదా?"

"పొట్టిదే" అన్నాను.

ఆగస్టు 18, మంగళవారం

34.2857ని 30.6122తో భాగించాను. ఊరికే, ఏమీ తోచక.

1.12.

ఆగస్టు 19, బుధవారం

తలనొప్పి. లాబ్‌కి వెళ్ళలేదు.

ఆగస్టు 20, గురువారం

వెళ్ళాను. పదిహేను నమూనాలు. అదే బిళ్ళతో తూచాను. మా త్రాసులో అంకెలుండవు. ఒక పళ్ళెంలో బిళ్ళ, ఇంకో దాంట్లో రాతిపొడి, ముల్లు నిటారుగా నిలబడితే చాలు. ముల్లు నిటారుగానే నిలబడింది, ఎప్పటిలాగే.

రేపు చూస్తాను.

ఆగస్టు 21, శుక్రవారం

రసాయనాల గదిలో అంకెలు చూపించే త్రాసుంది. నా బల్లకి పది అడుగులు. పొద్దున దాని మీద ఎవరో సోడా తూస్తున్నారు, కుదరలేదు.

మధ్యాహ్నం ఖాళీగానే ఉంది.

ఆగస్టు 22, శనివారం

32.667.

ఉండాల్సింది 29.167 గ్రాములు. మూడుసార్లు పెట్టాను. తీసి తుడిచి పెట్టాను. త్రాసుని సున్నాకి తెచ్చి పెట్టాను. పాడైపోయిన నా పాత బిళ్ళని సొరుగులోంచి తీసి పెట్టాను. పచ్చబడినా 29.16 చూపించింది పాపం. పెద్దాయన పెట్టెలోది మాత్రం 32.667. బిళ్ళని తిరగేసి, అడుగున పేరుకున్న నల్ల మసిని గోరుతో గీకాను. ఏటీ అని ముద్ర. దాని పక్కన, ఇంకా చిన్నగా, ఎల్ అక్షరం, లాంగ్ అని. పొడుగు టన్ను బిళ్ళ.

ప్రతి నమూనాలోనూ నూరుకి నూటపన్నెండు పాళ్ళ పొడి వేశాను. నూటపన్నెండు పాళ్ళ బంగారం తేలింది. అది పొట్టి టన్నుదని రాశాను. నాలుగు నెలలుగా. లేని బంగారం నేను పుట్టించాను, అది పోయిందని బావ బూట్లు విప్పించారు.

ఆగస్టు 23, ఆదివారం

స్టోరు గుమస్తా కొత్తది తెప్పించి ఉంటే ఇది జరిగేదా? జరిగేది కాదు. రెండు రకాల బిళ్ళల్ని ఒకే పెట్టెలో పెట్టి చచ్చిపోయిన పెద్దాయనని ఏమనాలి? వెయ్యి కిలోలని ఒకటే టన్నుంటే సరిపోయేది కదా, ఈ పొట్టీ పొడుగూ ఎవడు కనిపెట్టాడు? వాడి చేతులు విరగ. ఇస్త్రీ సంతకం అడగకపోతే నేను పెట్టేదాన్నా? అక్క మెల్లగా చెప్పకుండా చెవి మెలేసి చెప్పి ఉంటే చూసేదాన్ని.

చూసేదాన్ని కాదు.

చేతికి బరువనిపించింది. పన్నెండో తారీకున ఈ పుస్తకంలోనే రాశాను, చదువుకున్నాను మళ్ళీ. మూడున్నర గ్రాములు. ఇరవై నాలుగేళ్ళ చెయ్యి. మొదటిరోజే చెప్పింది చెయ్యి, నేనే వినలేదు. త్రాసు పది అడుగుల దూరంలో ఉంది. నాలుగుసార్లు, ఒక్కసారి కూడా తూచకుండా, "సరి చూశాను" అని సంతకం పెట్టాను. బిళ్ళ తప్పెందుకవుతుంది, నేను వాడుతుంటే? అదీ నా పొగరు.

ఛీ.

సాయంత్రం ఇంకో ఆలోచన వచ్చింది. దాన్నీ రాస్తాను, రాయకపోతే మళ్ళీ అబద్ధమవుతుంది. రేపట్నుంచి అంకెల త్రాసు మీద సరిగ్గా 29.167 తూస్తే చాలు. ఈ పొడుగు బిళ్ళని కొలిమిలో వేస్తే ఇత్తడి కరిగిపోతుంది, ఎవరికీ తెలియదు. వచ్చే నెల నుంచి లాబ్ లెక్కా దిమ్మెలూ సరిపోతాయి. అందరూ మర్చిపోతారు.

ఈ ఆలోచనతో హాయిగా టీ పెట్టుకున్నాను. సగం తాగాక వెలిగింది. బావని బయటికి పంపిన నెల నుంచే బంగారం సరిపోతే ఏమంటారు? "చూశారా, దొంగని తీసేశాం, తేడా పోయింది" అంటారు. నేను నోరు మూసుకుని తప్పు దిద్దుకుంటే, ఆ దిద్దుకోవడమే బావ దొంగ అనడానికి సాక్ష్యమవుతుంది. మిగతా టీ సింకులో పోశాను.

ఆగస్టు 26, బుధవారం

లాబ్‌లో ప్రతి నెలా దాచి ఉంచే నమూనాలు బయటికి తీసి, మూడు రోజులుగా మళ్ళీ చేస్తున్నాను. నెలకి పది, మొత్తం నలభై. ఈసారి అంకెల త్రాసు మీద, 29.167. కొలిమి దగ్గరాయన "ఇన్నెందుకమ్మా" అంటే "నోర్మూసుకుని బొగ్గెయ్యి" అన్నాను. పాపం, మా కొలిమి కరెంటుది.

అన్నీ దిగాయి. దిమ్మెల్లో ఎంతుందో అంతకే దిగాయి.

ఆగస్టు 28, శుక్రవారం

విచారణ.

వరండాలో బెంచీ మీద బావ కూర్చున్నాడు, పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని. పక్కన అక్క. నేను రెండు చేతులతో అంకెల త్రాసు మోసుకుని మెట్లెక్కుతుంటే అక్క లేచి సాయం పట్టబోయింది. "వద్దు" అన్నాను. పందొమ్మిది రోజుల తరవాత దానితో నేనన్న మొదటి మాట అదీ.

లోపల ముగ్గురు పెద్దవాళ్ళు, ఇస్త్రీ. బల్ల మీద త్రాసు పెట్టి, తీగ ప్లగ్గులో పెట్టి, బిళ్ళ దాని మీద పెట్టాను. అంకె చదవమన్నాను. చదివారు. ఎంత ఉండాలో చెప్పాను. నలభై నమూనాల కాగితం ఇచ్చాను. రిజిస్టరు తెరిచి నాలుగు సంతకాలు చూపించి, "ఈ నాలుగూ అబద్ధం" అన్నాను.

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. దొంగ దొరికాడని పైకి రాసేసి ఉంటాడు, వాడి బాధ వాడిది. మెల్లగా అన్నాడు: "మేడమ్, ఇంత దూరం ఎందుకు? పరికరం లోపం అని రాసేద్దాం. మీకూ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు."

"పరికరంలో లోపమేం లేదు సార్. అది పొడుగు టన్నుకి పుట్టింది, పొడుగు టన్నుకి నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉంది. లోపం నాది. అలాగే రాయండి. నాలుగు నెలలుగా లెక్క నూటపన్నెండు దగ్గరే ఆగుతుంటే ఒక్కరూ లాబ్‌కి దిగి రాలేదే, ఆ లోపం మీది. అదీ రాయండి. మూడొందల మంది ముందు ఆయన బూట్లు విప్పించారు. అది ఏ పరికరం లోపమో మీరే చెప్పాలి!"

అరిచాననుకుంటాను. బయట బెంచీ దాకా వినపడిందని అక్క తరవాత చెప్పింది.

నాకు సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. బావకి ఇంకో కాగితం, "ఆరోపణ ఉపసంహరించుకోవడమైనది." రెండు వరసలు. క్షమించమన్న మాట ఎక్కడా లేదు, వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఆగస్టు 29, శనివారం

ఇవాళ పొద్దున అక్క గోడ అవతల్నుంచి, "అన్నం ఇటు తిను" అంది. వెళ్ళాను. కంచం పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, ఆ రోజు నేనన్న మాట..." అనబోయాను. "తిను ముందు" అంది. కంచంలో ఇంకాస్త వేసి, నెత్తి మీద ఒక్కటి మొట్టింది. చిన్నప్పుడు మొట్టినంత గట్టిగానే.

తిన్నాక బావ దగ్గరికి వెళ్ళాను. ఏమనాలో తెలియక, "తప్పు నాదని ఎలా చెప్పాలో తెలియలేదు బావా" అన్నాను.

"నాకు తెలుసు కదే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నేను తియ్యలేదని నాకు తెలుసు. గదిలో నేను తప్ప ఇంకొకరు లేరని తెలుసు. మిల్లు వాళ్ళు పంపిందానికీ నా దిమ్మెలకీ ప్రతి నెలా సరిపోతూనే ఉంది. ఇంక మిగిలింది ఎవరు?"

"ఎప్పట్నుంచి?"

"బూట్లు కట్టుకుంటున్నప్పట్నుంచి."

అప్పుడొచ్చింది కోపం. ఈ నెలంతా వచ్చిందంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. "తెలిసి తెలిసి ఇరవై ఐదు రోజులు దొంగ పేరు మోశావా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? అక్క చేత మెల్లగా అడిగిస్తావా? నీకు నోరెందుకిచ్చాడు దేవుడు?"

"మీ అక్కకి నేనేం చెప్పలేదు. అదీ అదే లెక్క వేసుకుంది." బావ కుర్చీలో ముందుకి జరిగాడు. "నేను చెబితే ఊళ్ళోవాళ్ళు ఏమనేవాళ్ళే? దొంగతనం బయటపడేసరికి ఇంట్లో ఆడపిల్ల మీదకి తోసేశాడు అనేవాళ్ళు. వాళ్ళ సంగతి పోనీ. నువ్వేమనుకునేదానివి?"

జవాబు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. అదే అనుకునేదాన్ని.

"నువ్వు ఎప్పటికైనా తూచి చూస్తావని అనుకున్నాను" అన్నాడు. "కాస్త ఆలస్యం చేశావ్."

ఆగస్టు 31, సోమవారం

బావ ఇవాళ డ్యూటీలో చేరాడు. నేనూ గేటు దాకా వెళ్ళాను, వద్దన్నా వినకుండా. లోపలికి వెళ్ళడానికి నాకు అనుమతి లేదు. కడ్డీలు పట్టుకుని బయట నిలబడ్డాను.

పొద్దుటి షిఫ్టు ఎక్కే వేళ, జనం బాగా ఉన్నారు. స్టోరు గుమస్తా కూడా ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అని అతనికి వినపడేలా అందామనుకున్నాను. ఆ మాట నాకే తగులుతుందని ఊరుకున్నాను.

బావ గేటాయన ముందు ఆగాడు. క్యారియరు కింద పెట్టాడు. మూడు గిన్నెలూ విప్పి వరసగా పేర్చాడు. వంగి బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు, మడిచి బూట్లలో పెట్టాడు. వట్టికాళ్ళతో నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆగిపోయారు.

గేటాయన మొహం పాలిపోయింది. "అయ్యో, ఇదేంటి సార్! అవసరం లేదు, అంతా సరిగ్గానే ఉంది, వెళ్ళండి వెళ్ళండి" అన్నాడు.

బావ కదల్లేదు. ముప్పై అయిదేళ్ళలో ఆ మనిషి గొంతు లేవడం నేను వినలేదు. ఇవాళ విన్నాను.

"చూడు" అన్నాడు. "చూసి అప్పుడు అను సరిగ్గా ఉందని. చూడకుండా అనకు."

గేటాయన వంగి ఒక్కో గిన్నే చూశాడు. బూట్లు తిరగేసి చూశాడు. బావ మళ్ళీ తొడుక్కుని, గోడ పట్టుకుని లేసులు కట్టుకుని, లోపలికి వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన అన్నది గేటాయననే, నన్ను కాదు.

నేను కడ్డీలు వదిలి ఇంటికొచ్చాను.